సోలెడు బియ్యం, ఆఖరి కంచం

మా వారికి షుగరు బయటపడి రెండేళ్లయింది. అప్పుడు ఆస్పత్రిలో మందుల చీటీతో పాటు డైట్ చార్టు అని ఇంకో కాగితం చేతిలో పెట్టారు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పు, పప్పు అర కప్పు, కూర ఒక కప్పు, పెరుగు ఒక కప్పు. ఇంటికొచ్చి పైకి చదువుతుంటే మా అత్తమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ వింటున్నది. అంతా విని ఒకటే అడిగింది.

"ఏ కప్పు బిడ్డా? ఛాయ్ కప్పా, పాయసం కప్పా?"

నవ్వొచ్చింది గానీ నా దగ్గర జవాబు లేదు. మా వంటింట్లో కప్పు అనదగ్గవి ఏడు రకాలున్నాయి. చుట్టాలొస్తే తీసే పింగాణి కప్పు వేరు, రోజువారీ స్టీలు గిన్నె వేరు, బియ్యం డబ్బాలో పడేసిన ప్లాస్టిక్ గ్లాసు వేరు. ఏ కప్పుతో కొలిస్తే ఆయన షుగరు తగ్గుతుంది? నేను ఆలోచిస్తుండగానే అత్తమ్మ లేచి తన పెట్టె తెరిచి, పాత చీరల కింద నుంచి ఒక ఇత్తడి సోల తీసుకొచ్చింది. "మా కాలంల ఇది ఉండె. ఎవలనన్న అడుగు, సోలంటె సోలనే" అన్నది.

ఆ సోల పట్టుకున్న రోజు నుంచే ఈ కథ వెనక్కి వెళ్లి చూడాలనిపించింది. ఎంత తినాలి అని మనకు ఎవరు చెప్పారు? ఎప్పటి నుంచి చెప్తున్నారు? చెప్పింది మన దాకా వచ్చిందా?

మన వైపు కొలతలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. వడ్లు, జొన్నలు, మక్కలు, పెసర్లు అన్నీ వీటితోనే. కైకిలి కూడా వీటితోనే ఇచ్చేవాళ్లు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 నుంచి కిలోలు మెల్లగా అమలయ్యాయి, 1962 వచ్చేసరికి తూకంలో కిలో తప్పనిసరైంది. కానీ చట్టం దుకాణం తక్కెడ దగ్గర ఆగింది, వంటింట్లోకి రాలేదు. మా అమ్మ 1990లలో కూడా "రెండు సోలలు పొయ్యి" అనే చెప్పేది.

ఇక్కడ నేను చాలా రోజులు గమనించని విషయం ఒకటుంది. ఆ కొలత పొయ్యి మీదికి ఎక్కే గింజకే గానీ కంచంలోకి వచ్చే మెతుక్కి కాదు. మానెడు జొన్నలు దంచితే ఇంటిల్లిపాదికీ గట్క అవుతుందని మా బాపమ్మకు తెలుసు. ఆ గట్కలో ఎవరికెంత అన్నదానికి సోల లేదు, గిద్ద లేదు. అది వడ్డించే చేతి ఇష్టం. పొలం పోయేవాళ్లకు ముందు, పిల్లలకు తరువాత, ముసలివాళ్లకు మెత్తటిది. వడ్డించే ఆమెకు కుండ అడుగున ఏముంటే అది. ఇంటి మొత్తానికి లెక్క ఉండేది, మనిషికి లెక్క లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మనిషి లెక్క మొదలైంది ఒక జబ్బు వల్ల. బెరిబెరి అని, కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందరికి ఒళ్లు నీరు పట్టి గుండె ఆగిపోయే జబ్బు. జావాలో పనిచేసిన క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్చి డాక్టరు కోళ్లను చూసి దీని గుట్టు పట్టుకున్నాడు. బాగా పాలిష్ పట్టిన తెల్లటి బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి, తవుడు ఉన్న బియ్యం వేస్తే లేచాయి. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఎక్కడో తెలుసా? కోస్తా ఆంధ్రలో, ఉత్తర సర్కారులని పిలిచే జిల్లాలలో. మరబియ్యం వచ్చి దంపుడు బియ్యం పోయిన చోట. అన్నపూర్ణ అనుకునే నేల మీదనే.

1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. దాన్ని నడిపించినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. 1928 వచ్చేసరికి ఆ గది న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది. మెక్‌కారిసన్ ఎలుకల మీద చేసిన పరీక్ష ఒకటి చెప్పాలి. దేశంలో వేరువేరు ప్రాంతాల వాళ్లు తినే తిండిని ఎలుకల గుంపులకు విడివిడిగా పెట్టి, పెరుగుదల తూచి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూర తిన్న సిక్కుల తిండి ఎలుకలు అన్నింటికన్నా బాగా పెరిగాయి. అన్నింటికన్నా వెనకబడ్డవి తెల్లన్నం ఎక్కువగా ఉన్న మద్రాసు తిండి ఎలుకలు. మద్రాసు అంటే అప్పుడు సగం ఆంధ్ర కూడా అందులోనే ఉంది.

ఆయన తరువాత 1935లో వచ్చిన వాలెస్ ఎక్రాయిడ్ ఇంకో పెద్ద పని చేశాడు. మనం తినే తిండిగింజలు, పప్పులు, కూరగాయలలో ఏముందో పట్టికలు వేసి, అందులో నుంచి సరిపడా భోజనం ఎట్లా కూర్చుకోవాలో చెప్తూ 1937లో ఒక చిన్న ప్రభుత్వ పుస్తకం తెచ్చాడు. తరువాత 1944లో భారతీయులకు రోజుకు ఏది ఎంత కావాలని మొదటిసారి అంకెలు పెట్టారు. అంటే మనకు స్వాతంత్ర్యం రాకముందే మన కంచం లెక్క కాగితం మీద ఉంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ కాగితం ఉన్నప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ నైజాం రాజ్యంలో ఉన్నాయి, మా బాపమ్మ జొన్నలు విసురుతున్నది.

ఇక మన జొన్నల సంగతి. ఇది రాయడం నాకు కొంచెం కష్టం, ఎందుకంటే గట్క మీద నాకూ ప్రేమే. ఈమధ్య ఎవరిని కదిపినా "మన పెద్దలు జొన్నలు తిని నూరేళ్లు బతికిండ్రు" అంటున్నారు. చిరుధాన్యాల దుకాణం బోర్డుల మీద కూడా అదే రాస్తున్నారు. నూరేళ్లు బతికినవాళ్లే మనకు గుర్తుంటారు. మిగతావాళ్ల సంగతి చెప్పడానికి వాళ్లు లేరు కదా.

కూనూరులోని ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు మారింది. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన. 1969లో దాని యాభయ్యేళ్ల పండుగనాడు జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చారు. హైదరాబాదుకు వచ్చిన తరువాత వాళ్ల కళ్లబడ్డ జబ్బు పెల్లాగ్రా. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలేచోటల్లా చర్మం నల్లగా మాడినట్టయి పొలుసులు లేస్తుంది. విరేచనాలు, నోటిపూత, ముదిరితే మతి చెదరడం. అమెరికాలో, యూరప్‌లో ఇది మొక్కజొన్న మీదనే బతికే పేదల జబ్బని తెలుసు. మక్కలలో నయాసిన్ అనే విటమిను ఉన్నా ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. కానీ మన దక్కన్‌లో ఇది జొన్న తినేవాళ్లకు వస్తున్నది. జొన్నలో ఆ చిక్కు లేదు కదా, మరెందుకు?

సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో దీనికి ఒక జవాబు చెప్పారు. జొన్న మాంసకృత్తులలో ల్యూసిన్ అనే భాగం మరీ ఎక్కువ, అది ఒంట్లో నయాసిన్ తయారీని, వాడకాన్ని చెడగొడుతుందని వాళ్ల వాదన. తరువాత ఈ వాదన మీద చర్చలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. కానీ జబ్బు మాత్రం నిజం. జొన్న చెడ్డదని నేను అనడం లేదు. మూడు పూటలా జొన్నలే, పప్పు లేక, పాలు లేక, నంజుకోను గొడ్డుకారమో ఇంత తొక్కో మాత్రమే ఉంటే ఏమవుతుందో ఆ మాడిన మెడలు చెప్పాయి. చల్ల పోసుకుని, పుంటికూర పప్పుతో గట్క తిన్న ఇల్లు వేరు. ఎసరు ఎక్కువ పెట్టి పలచటి అంబలి తాగి పడుకున్న ఇల్లు వేరు. రెండూ "జొన్నలు తిన్న కాలమే".

మా బాపమ్మ అన్నం అని ఒక్క మాటకు పండుగ అనే అర్థం కూడా చెప్పేది. "దసరకు అన్నం వండినం" అనేది. వరి ఉన్నవాళ్లు దొరలు, చెరువు కింద మడి ఉన్నవాళ్లు. అందుకే వరి మన దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ఎవరూ జబ్బు తెచ్చే తిండి అనుకోలేదు, గౌరవం అనుకున్నారు.

ఎట్లా వచ్చిందంటే, రెండు వైపుల నుంచి వచ్చింది. 1963 జూలైలో నెహ్రూ గారు పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తరువాత దానికి శ్రీరాంసాగర్ అని పేరు పెట్టారు. కాకతీయ కాలువ నీళ్లు జగిత్యాల, కరీంనగర్ వైపు పారినకొద్దీ జొన్నచేలు, మక్కచేలు మడులయ్యాయి. నీళ్లు రాని ఊళ్లకు 1983లో రెండో దారి వచ్చింది. ఎన్.టి. రామారావు గారి రెండు రూపాయలకు కిలో బియ్యం. కాలువ లేని ఊరిలో కూడా, కూలి చేసుకునే ఇంట్లో కూడా రోజూ తెల్లన్నం. మా అమ్మ ఆ రోజులు చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు మారుతుంది. ఆకలి తెలిసినవాళ్ల ముందు రెండు రూపాయల బియ్యాన్ని తప్పు పట్టకూడదు, నేను పట్టను కూడా.

అయితే విసురురాయి అటకెక్కింది. జొన్నలు, పెసర్లు, అలసందలు, నువ్వులు, కుసుమలు కలిపి వేసే చేను పోయింది. చేనుతో పాటు పప్పు పోయింది, నూనెగింజ పోయింది, గట్ల మీద మొలిచే ఆకుకూరలు పోయాయి. కంచం నిండా అన్నం మిగిలింది. నూరేళ్ల కింద కోస్తాకు జరిగింది వేరే తీరుగా మనకు జరిగింది. అక్కడ బెరిబెరి, ఇక్కడ షుగరు.

ఆదిలాబాద్ కథ కొంచెం వేరు. ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి వైపు జొన్న రొట్టె, జొన్న అంబలి చాలా రోజులు నిలబడ్డాయి. కానీ అక్కడా పత్తి పెరిగిన కొద్దీ జొన్నచేను తగ్గింది. పత్తి అమ్మిన డబ్బుతో వచ్చేది మళ్లీ బియ్యమే. ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ అన్నమే అలవాటు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వస్తాను. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశోధనాలయంలో తెలిసింది మామూలు మనుషులకు అర్థమయ్యేటట్టు చెప్పాలని భారతీయుల ఆహార మార్గదర్శకాలు తయారుచేశారు. మొదటిది 1998లో వచ్చింది. 2011లో మార్చారు. 2024 మే నెలలో కొత్తది వచ్చింది, అందులో 17 సూత్రాలున్నాయి. 'మై ప్లేట్' అని ఒక కంచం బొమ్మ కూడా వేశారు. రోజుకు 2000 కిలో కాలరీలు సరిపోయే మనిషికి ఆ కంచంలో ఏముండాలంటే, తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు లేదా వాటి బదులు గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వులు వంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ పచ్చి సరుకు తూకాలు, వండిన తరువాతవి కావు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దు. ఛాయ్ గానీ కాఫీ గానీ భోజనానికి గంట ముందు, గంట తరువాత వద్దు. ఎందుకంటే అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

నేను అత్తమ్మ సోల నిండా బియ్యం పోసి, కూరగాయలు తూచుకునే చిన్న తక్కెడ మీద పెట్టాను. 230 గ్రాములు దాటింది. సోలలు ఊరూరికీ కొంచెం తేడా ఉంటాయి, మా ఇంటి సోల లెక్క ఇది. అంటే ఒక మనిషికి రోజు మొత్తానికి, ఉదయం ఉప్మా రవ్వ, రాత్రి రొట్టె పిండి అన్నీ కలుపుకుని, సోలెడు గింజ. అత్తమ్మకు చెప్పితే నమ్మలేదు. "మీ మామ పూటకు సోలెడు తినెటోడు" అన్నది.

మామయ్య అబద్ధం తినలేదు, అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. మామయ్య నాగలి పట్టిన మనిషి. మా ఆయన ఆఫీసులో కుర్చీ పట్టిన మనిషి. ఇద్దరికీ ఒకే కంచం పెట్టడం నా తప్పు.

ఆహార సర్వేల వాళ్లకు దీనికి ఒక లెక్క ఉంది. 1972లో ఈ సంస్థ కింద జాతీయ పోషకాహార పరిశీలన విభాగం మొదలైంది. వాళ్ల మనుషులు పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి, కొలత తెలిసిన గిన్నెలు, గరిటెలు ముందర పెట్టి, నిన్న ఎవరెవరు ఏం తిన్నారు, ఏ గిన్నెడు తిన్నారు అని అడిగేవాళ్లు. అత్తమ్మ అడిగిన "ఏ కప్పు" ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉంది, చూశారా. ఇంటింటినీ పోల్చడానికి వాళ్లు వాడిన కొలమానం ఇట్లా ఉంటుంది. కూర్చుని పనిచేసే మగమనిషి ఒక యూనిట్. మధ్యస్తంగా పనిచేసే మగమనిషి 1.2. బరువు పని చేసే మగమనిషి 1.6. కూర్చుని పనిచేసే ఆడమనిషి 0.8. మధ్యస్త పనికి 0.9, బరువు పనికి 1.2.

ఈ అంకెలు చూసి నేను కొంతసేపు అట్లాగే కూర్చున్నాను. 0.8. ఇందులో అన్యాయం ఏమీ లేదు నిజానికి, ఇది శక్తి లెక్క. ఆడవాళ్ల బరువు తక్కువ, ఖర్చయ్యే శక్తి తక్కువ. నాటు వేసే ఆమెకు కూర్చున్న మగవాడికన్నా ఎక్కువే ఇచ్చారు. (మన సిరిసిల్ల, కోరుట్ల, నిర్మల్ వైపు పొద్దంతా నడుం వంచి బీడీలు చేసే ఆమెను ఎందులో వేస్తారో మాత్రం నాకు అంతుపట్టలేదు. కూర్చునే చేస్తుంది కదా, 0.8 అయి ఉంటుంది.) కానీ అదే సంస్థ ఇనుము లెక్క చూడండి. 2020లో వేసిన పట్టిక ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 29. నెలనెలా పోయే రక్తం వల్ల ఒకటిన్నర రెట్లు కావాలి.

ఈ రెండు లెక్కలూ ఒకే కంచంలో కలపండి. చిన్న కంచంలో ఎక్కువ ఇనుము పట్టాలి. అన్నం తక్కువైనా ఫరవాలేదు, పప్పు, ఆకుకూర, గుడ్డు, నువ్వులు మగవాళ్ల కంచంలోకన్నా ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో జరిగేది ఏమిటి? గుడ్లు నాలుగుంటే నాలుగూ ఎవరివో మీకు తెలుసు. కూర అందరికీ వేసిన తరువాత గిన్నెకు అంటుకున్న దాంట్లో అన్నం కలుపుకుని తినేది ఎవరో తెలుసు. మన కంచంలో అన్నానికి ఎప్పుడూ కొరత లేదు. కొరత అన్నం మీద వేసుకునే దానికే.

గత సంవత్సరం మా పెద్దమ్మాయి కాలేజీలో రక్తపరీక్షల క్యాంపు పెడితే దానికి 8.6 వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. దానికేం లోటు చేశాననుకుని ఏడ్చాను. తరువాత కూర్చుని, ఆ సర్వే వాళ్ల లాగా, వారం రోజులు అది ఏం తిన్నదో రాశాను. ఉదయం ఛాయ్, బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, ఆలుగడ్డ. సాయంత్రం ఛాయ్. రాత్రి తండ్రి, తమ్ముడు తిన్న తరువాత నాతో పాటు కూర్చుని అన్నం, మిగిలిన పప్పుచారు, తొక్కు. ఎవరూ దానికి ఆఖరున తినమని చెప్పలేదు. నేను ఆఖరున తింటుంటే నాకు తోడు కూర్చున్నది, అంతే. మన తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని దేశవ్యాప్త కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తున్నది. అందులో ఒక అంకె మా ఇంట్లో నుంచే పోయింది.

ఈ ఆఖరి కంచం సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పటి నుంచి గర్భిణులకు, బాలింతలకు ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారు. ఇంటికి ఇచ్చిన పిండి ఇంటిల్లిపాది తింటారు, ఇది మనందరికీ తెలిసిందే. మా వీధిలో ఒకామె ఆ పిండితో ఇంటికందరికీ రొట్టెలు చేసేది, తప్పేమీ కాదు, ఆమె చేతికి అందరూ ఒకటే. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మిలో అందుకే నాకు ఒకటి బాగా నచ్చింది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, అక్కడే కూర్చుని తినాలి. ఇనుము గోళీ కూడా అక్కడే వేసుకోవాలి. అత్తగారికి పెట్టాకనో, మరిదికి వడ్డించాకనో కాదు. ఒక్క పూటయినా ఆడమనిషి కంచం ఆమె ముందు, ఆమె కోసమే.

ఆదిలాబాద్ వైపు ఐ.టి.డి.ఎ. వాళ్లు ఇక్రిశాట్‌తో, పోషకాహార సంస్థతో కలిసి గిరిపోషణ అని జొన్న, చిరుధాన్యాలతో చేసిన ఆహారం అంగన్‌వాడీలకు ఇచ్చారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలలో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇచ్చారు, అందులో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఉన్నాయి. వెళ్లిపోయిన జొన్న ఇప్పుడు ప్యాకెట్లో తిరిగి వస్తున్నది. మా బాపమ్మ చూస్తే ఏమనేదో.

రేషను వైపు చూస్తే అంత సంతోషం లేదు. 2013లో అమ్మహస్తం అని 185 రూపాయలకు కందిపప్పు, చింతపండు, పసుపుతో సహా తొమ్మిది సరుకులు ఇచ్చారు, ఎక్కువ రోజులు నిలవలేదు. 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. 250 గ్రాముల గింజలలో చాలా భాగం సర్కారే ఇచ్చినట్టు. మంచిదే. కానీ ఆ పళ్లెం బొమ్మలో మిగతా ముప్పావు వంతు, అంటే 85 గ్రాముల పప్పు, 400 గ్రాముల కూరలు, 300 మిల్లీలీటర్ల పాలు, నలుగురున్న ఇంటికి రోజుకు ఎంత అవుతుందో అంగడికి పోయేవాళ్లకు తెలుసు. నేను నలుగురికి కూరగాయలు కిలోన్నర తెచ్చి చూశాను ఒక వారం. సంచీ బరువుకు భుజం, బిల్లుకు గుండె నొచ్చాయి. అవగాహన లేదు, అవగాహన పెంచాలి అని ప్రతి సెప్టెంబరులో పోషణ మాసం బ్యానర్లు కడతారు. అవగాహన లేక కొంత, కొనలేక కొంత. రెండోది బ్యానరు మీద రాయరు.

అయినా చేయగలిగింది కొంత ఉంది, చేశాను. పెరటి గోడ వెంట మునగ, తోటకూర, పుంటికూర పెట్టాను. పుంటికూర పప్పు వారానికి రెండు సార్లు. పల్లీ, నువ్వుల పొడి డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. పప్పులో నిమ్మకాయ పిండుతున్నాను, ఇనుము ఒంటికి పడుతుందని. అన్నం తినగానే ఛాయ్ మానడం మాత్రం చాలా కష్టమైంది, ముఖ్యంగా నాకు. అమ్మాయికి డాక్టరమ్మ రాసిన గోళీలు ఆరు నెలలు వాడాము. మొన్నటికి 11 దాటింది, 12 ఇంకా రాలేదు. మా వారి కంచంలో అన్నం సగమై కూర రెండింతలైంది. మొదటి నెల అలిగారు, ఇప్పుడు అడగడం మానేశారు.

అన్నింటికన్నా పెద్ద మార్పు ఏమంటే, కంచాలన్నీ ఒకేసారి పెట్టి, అన్నింట్లో ఒకేసారి వడ్డించేసి, అందరమూ ఒకేసారి కూర్చుంటున్నాము. గుడ్లు ఎన్ని కంచాలుంటే అన్ని. లేకపోతే ఎవరికీ లేవు. మొదట్లో నాకే వింతగా ఉండేది, ఎవరికో ఏదో తక్కువైనట్టు, లేచి చూడాలన్నట్టు కాళ్లు గుంజేవి.

పోయిన ఆదివారం తినడానికి కూర్చోగానే మా ఆడబిడ్డ కొడుకు చెప్పకుండా వచ్చాడు. అలవాటుగా నా కంచం పట్టుకుని లేచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నీది నువ్వు తిను. వానికి నేను నూకలు పొయ్యి మీద పెడుత" అని, గోడకున్న మేకు నుంచి సోల తీసుకుని వంటింట్లోకి పోయింది.